వీపు తాకిన తర్వాత

వీడియో పార్లర్లలో ఇప్పుడు చూపిస్తున్న అమెరికా కుస్తీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొహానికి రంగులు పూసుకున్నవాడొకడు, జుట్టు నడుం దాకా పెంచుకున్నవాడొకడు. కుర్చీ ఎత్తి ఎదుటివాడి వీపు మీద కొడతాడు. వాడు వెల్లకిలా పడతాడు, లేస్తాడు, మళ్ళీ పడతాడు, మళ్ళీ లేస్తాడు. ఒక్కడి మొహంలోనైనా సిగ్గనేది ఉండదు. పక్కింటివాళ్ళు వీసీఆర్ అద్దెకు తెచ్చి పిలిస్తే వెళ్తాను, తిట్టుకుంటూనే క్యాసెట్ అయిపోయేదాకా కూర్చుంటాను. అభిమానమంటే అంతే, కడుపునిండా తిట్టుకోవడానికైనా చూడాల్సిందే. మా ఆయన మాత్రం రాడు. ఆ చప్పుడు గోడ దాటి వినిపిస్తే చెప్పులు వేసుకుని బజారుకు వెళ్ళిపోతాడు.

ఆడదానికి కుస్తీల గోల ఏమిటని అడిగేవాళ్ళకు మా నాన్నను చూపించాలి. ఆయన కాజీపేట రైల్వేలో గ్యాంగ్‌మన్. డెబ్బైల మొదట్లో హన్మకొండలోనో సికింద్రాబాద్‌లోనో రింగు కుస్తీలున్నాయని గోడల మీద పోస్టర్లు పడితే చాలు, నన్ను వెంటేసుకుని రైలెక్కేవాడు. పెళ్ళికెదిగిన పిల్లను లంగోట్లు కట్టిన మగవాళ్ళను చూడటానికి తీసుకుపోతావా అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది. నాన్న వినేవాడు కాదు. నేను అంతకన్నా వినేదాన్ని కాదు.

అప్పటి గొప్పవాళ్ళందరినీ చూశాను. డజన్ల కొద్దీ గుడ్లు మింగుతాడని చెప్పుకునే బొజ్జ విదేశీయుణ్ణి చూశాను. వాడికి బరువే తప్ప విద్య లేదు, ఎదుటివాడి మీద కూర్చుంటే అయిపోయేది. పోస్టర్ నిండా తన బొమ్మే ఉండే పంజాబ్ వస్తాదును చూశాను. పట్టు మంచిదే కానీ ప్రతి పట్టుకూ జనం వంక చూసి నవ్వేవాడు, అది నాకు నచ్చేది కాదు. నాకు అందరికన్నా ఇష్టమైనవాడి పేరు పోస్టర్‌లో అడుగున చిన్న అక్షరాలతో ఉండేది. ఊరూరా ఓడిపోవడానికే తెచ్చిన మనిషి. తల మీదుగా విసిరేస్తే పక్క మీద వాలినంత సుఖంగా పడేవాడు. గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు రెండు పక్కలా చాపి నేలను చరిచి, వీపు మొత్తం ఒక్కసారే ఆనేట్టు. దెబ్బ ఒక్కచోట తగలకుండా ఒళ్ళంతా పంచుకునేది. రింగు కుస్తీలో గెలుపోటములు ముందే మాట్లాడుకుంటారని నాకు ఆ వయసులోనే తెలుసు. పడటం మాత్రం ఎవరూ మాట్లాడుకుని చేయలేరు. అది వచ్చినవాడే గొప్పవాడని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అలాంటి నాకు మట్టి పైల్వాన్‌తో పెళ్ళయింది.

ఆయన లోకో షెడ్డులో ఖలాసీ. డ్యూటీ లేనప్పుడల్లా ఖిలా వరంగల్ దగ్గరి తాలీంలోనే ఉండేవాడు. తాలీమంటే మెత్తటి ఎర్రమట్టి గొయ్యి, పైన రేకులు, గోడకు హనుమంతుడి పటం. నేర్పే ఉస్తాద్ ముసలి సాయబు, ఆ పటానికి రోజూ పొద్దున్నే ఆయనే దీపం పెట్టేవాడు. ఆడవాళ్ళు ఆ గడప తొక్కకూడదు. ఇంట్లో కూడా ఒక కట్టుబాటు ఉండేది. పైల్వాన్ లంగోటును భార్య ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బలం పోతుందని. నేను మిషన్ కుట్టేదాన్ని. వాడకట్టంతా నా దగ్గరే జాకెట్లు, లాగులు కుట్టించుకునేవాళ్ళు. మా ఆయన ఎర్ర లంగోటు మాత్రం ఉస్తాద్ ఎక్కడో కుట్టించి ఇచ్చేవాడు. ఆయనే ఉతుక్కునేవాడు, పెరట్లో వేరే తీగ మీద ఆయనే ఆరేసుకునేవాడు. వానొస్తే నేను బట్టలన్నీ లాక్కొచ్చేదాన్ని, ఆ తీగ దగ్గర మాత్రం ఆగిపోయేదాన్ని. ఆయన ఎక్కడున్నా పరుగెత్తుకుంటూ వచ్చి తీసుకునేవాడు. కొత్తలో ఈ తంతు చూసి నవ్వుకున్నాను, తర్వాత అలవాటైపోయింది.

మట్టి కుస్తీకి ఒక్కటే లెక్క. వీపు నేలకు తాకితే ఓడినట్టే. రెఫరీ మూడంకెలు లెక్కపెట్టడాలు, మధ్యలో లేవడాలు ఏమీ ఉండవు. పెళ్ళయిన కొత్తలో ఉస్తాద్ మా ఇంటికి వచ్చినప్పుడు నేను రింగు కుస్తీల గురించి చెబుతుంటే ముసిముసిగా నవ్వుతూ విన్నాడు. చివరికి ఒక్క మాటన్నాడు.

“బేటీ, వీపు తాకినంక ఇంక ముచ్చట లేదు. గెలిచినోని చెయ్యి కండ్లకద్దుకోవాలె, బయటికి నడువాలె. అంతే.”

మా ఆయన ఎన్నేళ్ళు కుస్తీ పట్టినా ఆయన వీపుకు ఎవరూ మట్టి అంటించలేదు. పడేటప్పుడు ఒళ్ళు పిల్లిలా మెలితిప్పి, భుజం మీదో మెడ మీదో పడేవాడు కానీ వీపు తాకనిచ్చేవాడు కాదు. జాతర కుస్తీల్లో అది చూసి అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకు గుండె ఆగినంత పనయ్యేది.

ఉస్తాద్ పోయిన మరుసటి ఏడు, పరకాల వైపు ఒక ఊరి జాతరలో ఆ భయం నిజమైంది. తన కన్నా బరువైనవాడు ఎత్తి విసిరితే మా ఆయన అలవాటుగానే మెలితిరిగి మెడ మీద పడ్డాడు. లేచి, ఆ మనిషినే పడగొట్టి, వెండి కడియం గెలుచుకుని ఇంటికొచ్చాడు. తెల్లారి కుడిచేత్తో చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయాడు. పెద్ద దవాఖానలో డాక్టర్ మెడకు ఫోటోలు తీసి చూసి, ఇంకొక దెబ్బ తగిలితే కాళ్ళూ చేతులూ పడిపోతాయి, కుస్తీ మాట మరిచిపొమ్మన్నాడు.

ఆ తర్వాతి రోజులను తలుచుకోవాలంటే ఇప్పటికీ భయమే. షెడ్డులో తేలిక పని ఇచ్చారు, ఊడ్చే పని. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా అట్లానే ఉండేవాడు. తాలీంకు వెళ్తే ఆయనతో పట్టు పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు, చేతులారా నిన్ను చంపుకుంటామా అన్నారు. అక్కణ్ణుంచి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. ఆయన చెయ్యి బాగైతే ఎత్తు బంగారం, అంటే ఆయనంత బరువు బెల్లం, ఇస్తానని మేడారం తల్లులకు మొక్కుకున్నాను. కుట్టే బట్ట మీద కన్నీళ్ళు పడి మరకలైతే మళ్ళీ ఉతికి ఇచ్చేదాన్ని. ఆయన మాత్రం రోజూ ఆ లంగోటును ఉతుక్కుని తీగ మీద ఆరేసుకోవడం మానలేదు. కట్టనిదాన్ని ఉతకడమెందుకని అడిగే ధైర్యం నాకు లేదు.

అట్లాంటి సమయంలో రింగు కుస్తీల కాంట్రాక్టర్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. హన్మకొండ మైదానంలో ఆట పెడుతున్నాడట. ముసుగు పైల్వాన్ ఒకడున్నాడు, వాడితో తలపడటానికి ఊళ్ళో పేరున్న మనిషి కావాలి. లోకలోడు లేకపోతే జనం రారు. ఆట ముందే మాట్లాడుకున్నట్టే సాగుతుంది. మొదట ముసుగువాడు ఎత్తేస్తాడు, రెఫరీ రెండు అనేలోపు మా ఆయన లేవాలి, తర్వాత కాసేపు వాణ్ణి ఉతికేయాలి, చివరికి ఇద్దరూ సమానమని చెయ్యి ఎత్తుతారు. పోస్టర్ మీద “ఓరుగల్లు సింహం” అని వేయిస్తానన్నాడు. ఆ మాటకు మా ఆయన వెన్ను నిటారుగా అయింది.

కాంట్రాక్టర్ అటు పోగానే నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను.

“వద్దయ్యా. నీ కాళ్ళు మొక్కుత. డాక్టర్ ఏమన్నడో మర్సినవా?”

“అది నాటకమే గదనే! ఇన్నేండ్ల సంది నువ్వే చెప్తానవ్ గద, అంత ముందే మాట్లాడుకుంటరని?”

“గెలుసుడు ఓడుడు మాట్లాడుకుంటరు. పడుడు నిజంగనే పడాలె. నీకు పడుడు రాదు!”

ఆయన నా వంక చూసిన చూపు మరిచిపోలేను. పైల్వాన్‌తో ఎవరూ అనకూడని మాట అన్నాను. కానీ అది నిజం. మట్టిలో పెరిగినవాడికి పడకుండా ఉండటమే నేర్పుతారు, పడటం ఎవరూ నేర్పరు. రింగులో చెక్కల మీద పరిచిన పలుచటి పరుపు మీద ఆయన మళ్ళీ మెలితిరిగి మెడ మీద పడితే, మంచంలోంచి ఇక లేవడు. మైదానం నిండా ఉండే జనంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆపలేనని తెలిశాక ఇంకో పని చేశాను. ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచాను. “నా దిక్కు చూడు” అని కొంగు నడుముకు చెక్కుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు చాపి వెల్లకిలా పడ్డాను. నాకిష్టమైన ఆ చిన్న అక్షరాల మనిషి పడ్డట్టే. లేచి మళ్ళీ పడ్డాను. జాకెట్లు కుట్టుకునే ఆడదాన్ని, గాజులు చిట్లుతున్నా మళ్ళీ మళ్ళీ పడి చూపించాను. జాతర నాటి నుంచీ నవ్వని మనిషి నవ్వాడు. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

“ఇగ నువ్వు పడు” అన్నాను.

“నా తోని గాదు.”

“బొంత మీదనే గదయ్యా. ఎవ్వరున్నరీడ?”

ఆయన బొంతల ముందు నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు. వెనక్కి వాలబోయి ఆగాడు. నుదుటి మీద చెమట పట్టింది. “చిన్నప్పటి సంది వీపు తాకొద్దని నేర్సుకున్ననే. ఒళ్ళు వినదు” అన్నాడు. ఎంత బతిమాలినా పడలేదు. ఆయన పడుకునేది కూడా పక్కకు తిరిగే, ఆ రోజే గమనించాను.

ఆట రోజు మైదానంలో ఆడవాళ్ళకని వేసిన కుర్చీల్లో ముందు వరసలో కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు జనం కిక్కిరిసిపోయారు. ఎర్ర లంగోటు కట్టుకుని ఆయన రింగు దగ్గరికి వస్తుంటే మా వాడకట్టంతా ఈలలు. అలవాటు కొద్దీ వంగి మట్టి తీసి నుదుటికి పెట్టుకోబోయాడు, మట్టి లేదు, పరుపుకున్న గుడ్డను తాకి కళ్ళకద్దుకున్నాడు. నేను దేవుళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంటున్నాను. అంత ఇష్టమైన ఆట ఆ ఒక్కరోజు నాకు శత్రువైంది.

ముసుగువాడు మంచివాడే, ఇప్పుడు చెబుతున్నాను. గంట కొట్టాక కాసేపు చేతులు కలిపి తిరిగారు. తర్వాత మా ఆయనను నడుం పట్టుకుని ఎత్తాడు, నిదానంగానే ఎత్తాడు. గాల్లో ఉండగా మా ఆయన ఒళ్ళు మెలితిరగడం మొదలైంది. నా గొంతులోంచి కేక వచ్చింది, ఏమని అరిచానో నాకే తెలియదు. అప్పుడు, ఎట్లా జరిగిందో, ఆ మెలి మధ్యలోనే ఆగింది. గడ్డం ఛాతీకి ఆనింది. చేతులు రెండు పక్కలకూ విచ్చుకున్నాయి. బొంతల మీద నేను చూపించినట్టే, అచ్చం అట్లానే పడ్డాడు. వీపు మొత్తం ఒక్కసారే ఆనింది. చెక్కలు ధబ్బుమన్నాయి.

రెఫరీ ఒకటి అన్నాడు. మా ఆయన పక్కకు దొర్లి లేచాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇక ముసుగువాణ్ణి ఉతకాల్సిన ఘట్టం. జనం లేచి నిలబడ్డారు. ఆయన ముసుగువాడి దగ్గరికి నడిచాడు, వాడి కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, తాళ్ళు పైకెత్తి రింగు దిగాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముసుగువాడు చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయాడు. కాంట్రాక్టర్ బూతులు తిడుతూ ఉరికాడు. “సింహం ఉరికింది” అని ఎవడో అరిచాడు, ఆ వెంటనే చెప్పులు పడటం మొదలైంది. ఒక చెప్పు ఆయన భుజానికి తగిలింది. తల ఎత్తలేదు, నడక వేగం పెంచలేదు. డేరా వెనక అందుకున్నాను.

“మెడ మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది.”

“మరెందుకు దిగినవయ్యా? ఇంకా ఆట ఉండె గద!”

నా వంక వింతగా చూశాడు, నాకెప్పుడో తెలిసి ఉండాల్సింది అడిగినట్టు.

“వీపు తాకె గదనే.”

రిక్షా ఎక్కి ఇంటికి బయల్దేరాం. ఆయన బతికి వచ్చాడని నాకు గంతులేయాలనుంది. ఆయన మొహం చూస్తే మాత్రం శవం పక్కన కూర్చున్నట్టుంది. మర్నాడు పొద్దున లేచి లంగోటు ఉతికి తీగ మీద వేశాడు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం తాలీం దోస్తులు వచ్చారు, వాళ్ళ వెనకే కాంట్రాక్టర్. నిన్న బూతులు తిట్టిన నోటితోనే ఇవాళ అన్నా అంటున్నాడు. జనం ఇంకా అదే మాట్లాడుకుంటున్నారట. కరీంనగర్‌లో పగ తీర్చుకునే ఆట పెడదామన్నాడు. దోస్తులు మా ఆయన చుట్టూ కూర్చున్నారు.

“అన్నా, వీపు తాకలే. మేం ఇటు దిక్కున్నం. నీ ఎడమ భుజం లేసే ఉండె.”

“అవునన్నా, ఒట్టు. నువ్వు ఊకెనే దిగినవ్.”

నేను లోపల మిషన్ దగ్గర ఉన్నాను. గుమ్మంలోంచి మా ఆయన మొహం కనిపిస్తోంది. ఆ మొహంలోకి నెమ్మదిగా ప్రాణం వస్తోంది. ఏడాదిగా నేను దేవుళ్ళను అడుగుతున్నది అదే, ఆ మొహంలో ప్రాణం.

“నిజమా?” అన్నాడు. “నాకైతే సమజ్ కాలే. మీదికి సక్కగ లైట్లు కనవడ్డయ్, అందుకే తాకిందనుకున్న. వీపుకైతే ఏం తెల్వలే. జర సేపు ఒళ్ళే లేనట్టయింది.”

మిషన్ మీద నా కాలు ఆగిపోయింది. ఒళ్ళే లేనట్టయిందట. చెక్కలు అదిరేట్టు వీపు ఆనితే ఆ మనిషికి తెలియలేదు. అంత సరిగ్గా పడితేనే ఇట్లా అయితే, కరీంనగర్‌లో కాస్త తేడాగా పడితే ఏమవుతుందో ఆ గదిలో ఇంకెవరికీ తట్టలేదు. దోస్తులు నవ్వుతున్నారు, కాంట్రాక్టర్ తారీకు చెబుతున్నాడు. ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

“అది చెప్పాలె” అన్నాడు, నన్ను చూపించి. “అదెన్నడు నా మెప్పు కోసం అబద్ధం ఆడలే. అది తాకలేదంటే నేను వస్త.”

అందరూ నా వైపు తిరిగారు. ఒక దోస్తు కళ్ళతోనే బతిమాలాడు, తాకలేదని చెప్పు వదినా అన్నట్టు. తాకలేదంటే ఆయన మళ్ళీ పైల్వాన్ అవుతాడు, తలెత్తుకుని నా కళ్ళముందే చావడానికి పోతాడు. తాకిందంటే బతుకుతాడు. కానీ ఎవరూ మట్టి అంటించలేని వీపుకు నా నోటితో నేనే మట్టి అంటించాలి. పైగా అట్లా పడమని నేర్పింది నేనే. చెప్పకుండా లేచి పారిపోవాలనిపించింది.

“తాకింది” అన్నాను.

“రెండు భుజాలా?”

“రెండు. నడుం గూడ.”

ఆయన నన్ను చూశాడు. తర్వాత తల ఊపాడు, అంతే. కాంట్రాక్టర్ ఏదో అనబోతే దోస్తులే బయటికి తీసుకుపోయారు. నన్ను పలకరించకుండానే వెళ్ళారు, చాలా రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

సాయంత్రానికి మబ్బు పట్టింది. చినుకులు పడగానే పెరట్లోకి ఉరికి బట్టలన్నీ తీశాను. ఎప్పటిలాగే వేరే తీగ దగ్గర ఆగిపోయాను. ఎర్ర లంగోటు తడుస్తోంది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“వాన పడుతాంది” అన్నాను.

“చూస్తాన.”

లేవలేదు. వాన పెద్దదైంది. నేను బట్టలు చంకలో పెట్టుకుని తడుస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి అన్నాడు.

“నువ్వే తీయ్.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని ముట్టుకున్నాను. లోపలికి తెచ్చి, నీళ్ళు పిండి, దండెం మీద నా చీర పక్కన ఆరేశాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు.